బస్సు మెట్టు మీద కాలు

మొన్న సంతరోజు ఆ బండిని మళ్ళీ చూశాను. చర్ల దాటాక తారు రోడ్డు అయిపోయే చోట, మా బస్సు వెనక్కి తిరిగే దగ్గర, రేకుల టీకొట్టు ముందు ఆగి ఉంది. ఎత్తయిన గాజు అద్దం, అటూ ఇటూ వెండి రంగు పెట్టెలు, ట్యాంకు మీద నీలం, ఎరుపు చారలు. ఈ చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. కానీ దాని మీద కూర్చున్నది ఎవరో పొడుగాటి కుర్రాడు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి తీరిగ్గా ఫోన్ చూసుకుంటున్నాడు.

నా చూపు ఆ పాదాల దగ్గరే ఆగిపోయింది. ఆ బండి మీద కూర్చుని అంత తేలిగ్గా రెండు కాళ్ళూ నేలకు ఆనించిన మనిషిని నేను అంతవరకు చూడలేదు.

"తమ్ముడూ, ఈ బండి ఎక్కడిది?" అని అడిగాను.

"ఈ మధ్యనే కొన్న మేడం, సెకండ్‌హ్యాండ్‌ల. పెద్దాయన చనిపోయిండట. కొడుకు అమ్మేసిండు" అన్నాడు. "మంచిగ ఉంచుకున్నడు పెద్దాయన. స్పెషల్ ఎడిషన్ మేడం ఇది, మామూలుది కాదు."

నాకు తెలుసు బాబూ అనబోయి ఊరుకున్నాను. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు.

నేను భద్రాచలం నుంచి చర్ల మీదుగా ఈ అడవి అంచు దాకా పోయే బస్సులో కండక్టర్‌ని. బస్సు తిరిగే చోట ఒక టీకొట్టు, ఒక చేతిపంపు, కొంచెం ఇవతల పోలీసు క్యాంపు ముళ్ళకంచె ఉంటాయి. అక్కడి నుంచి లోపలికి ఊళ్ళున్నాయి గాని రోడ్డు లేదు. జనం నడిచొచ్చి మా బస్సెక్కుతారు. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ ఫ్రీ కాబట్టి చింతపండు మూటలతో, కొండచీపుర్లతో బస్సు నిండుతుంది. ఆధార్ కార్డు చూపించమంటే కొంగు ముడి విప్పి చూపిస్తారు. నాకు నోరు ఎక్కువ అని అందరూ అంటారు. ఈ బస్సులో నోరు లేకపోతే నడవదు.

ఆయన్ని మొదటిసారి చూసిన రోజు నాకు ఒళ్ళు మండింది. బస్సు నిండింది, విజిల్ వేశాను. డ్రైవర్ కదలడు. మళ్ళీ వేశాను. అద్దంలోంచి చూస్తూ "కింద ఎవరో కాలు పెట్టిండు, చూడక్కా" అన్నాడు. వంగి చూస్తే డోరు కింది మెట్టు మీద ఒక నల్లబూటు. ఆ బూటు వెంట చూపు పైకి తీసుకుపోతే బర్రె అంత మోటార్‌సైకిలు, దాని మీద ఒక పొట్టి మనిషి. నెరిసిన మీసాలు, తల మీద హెల్మెట్టు, చేతిలో చాయ్ గ్లాసు.

"ఏంది సార్, బస్సెక్కుతరా, ఎక్కరా?"

"ఎక్కను బిడ్డా. ఒక్క నిమిషం, గీ చాయ్ తాగి పోత."

"మీరు చాయ్ తాగేదాక బస్సు ఆపాల్నా?"

"కాలు తీస్తే పడిపోత బిడ్డా" అన్నాడు, కొంచెం కూడా సిగ్గుపడకుండా.

బస్సంతా గొల్లుమంది. నాకూ నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వాడు. చాయ్ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, బండి స్టార్ట్ చేసి, మెట్టు మీంచి కాలు తీస్తూనే ముందుకు దూకి వెళ్ళిపోయాడు. ఖాళీ గ్లాసు పట్టుకుని నేను నిలబడిపోయాను. టీకొట్టు ఆవిడ వచ్చి తీసుకుంది.

తర్వాత అదే అలవాటైంది. వారంలో నాలుగైదు రోజులు మా బస్సు అక్కడ ఆగే వేళకు ఆయన బండి వచ్చి పక్కన ఆగేది. ఎడమ కాలు మా మెట్టు మీద పెట్టేవాడు. స్టాండు వేసుకుని దిగొచ్చు కదా అంటే, "దిగితే మళ్ళ ఎక్కాలె గద. అదే పెద్ద పని" అనేవాడు. నిజమే. ఆ సీటు నా ఛాతీ దాకా వస్తుంది. ఎక్కాలంటే ఒక కాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి, హ్యాండిల్ పట్టుకుని పైకి లేచి, రెండో కాలు తిప్పి వేయాలి. మా బస్సుకు మెట్లయినా ఉన్నాయి.

సీటు కోయించుకొమ్మని భద్రాచలంలో మెకానిక్ చెప్పాడట. ఈయన ఒప్పుకోలేదు. "స్పెషల్ ఎడిషన్‌కు కత్తి పెడ్తరా ఎవరన్న?" అనేవాడు. చివరికి చెప్పులు కుట్టే అతని దగ్గరకు పోయి బూట్ల కింద టైరు ముక్కలు కుట్టించుకున్నాడు. ఆ రోజు కాలు నిజంగానే నేలకు ఆనింది. అదే ఉత్సాహంతో బయల్దేరితే ఆ లావు బూటుకు గేరు తగల్లేదు. ఫస్ట్ గేర్‌లోనే రొప్పుకుంటూ దుమ్ముగూడెం దాకా ఇంటికి పోయాడట. మర్నాడు పాత బూట్లతో వచ్చి ఏమీ జరగనట్టు మా మెట్టు మీద కాలు పెట్టాడు.

ఇల్లందు దగ్గర బొగ్గుబాయిలో పనిచేసి వచ్చిన మనిషి. ఏ కప్పు కిందికి పోయినా ముందు వేళ్ళతో దాన్ని కొట్టి, చెవి పెట్టి వినడం ఆయనకు అలవాటు. టీకొట్టు రేకు కొట్టేవాడు. ఒకసారి బండి ఇంటి దగ్గర వదిలి మా బస్సెక్కితే, సీటు మీద నిలబడి మరీ బస్సు కప్పు కొట్టి చూశాడు. "బాయిల పైకప్పు చప్పుడు ఇనకుంట ఎవ్వడూ లోపలికి పోడు బిడ్డా. బోలుగ ఇనిపిస్తే ఎనక్కి రావాలె" అన్నాడు. మా బస్సు కప్పు ఎట్లున్నది అంటే, "బోలుగనే ఉన్నది, ఏం చేస్తం, పోదాం పా" అన్నాడు.

డ్రిల్లు పట్టీ పట్టీ చేతుల్లో పట్టు పోయింది. గ్లాసు పట్టుకుంటే వేళ్ళు వణికేవి. డాక్టర్లు పనికిరాడని రాశారు, ఆ ఉద్యోగం కొడుక్కి ఇచ్చారు. తోటివాళ్ళు మాత్రం ఇదంతా నాటకమని, కొడుకు కోసం మంచాన పడ్డట్టు నటించాడని వెక్కిరించారట. ఆ వెక్కిరింతలకు దూరంగా పోదామని భార్య పుట్టిన ఊరికి, దుమ్ముగూడెం పక్కకు వచ్చేశాడు. వచ్చి ఈ బండి కొన్నాడు.

"బాయికి పనికిరానన్నరు. సరే. అడివికన్న పనికొస్తనేమో చూద్దమని గీ బండి తెచ్చిన" అన్నాడు ఒకసారి. "బతుకంత నడుం వంచుకుని నడిచిన. ఇప్పుడు జర ఎత్తుల కూసోబుద్ధయ్యింది."

బండి అమ్మినవాళ్ళు దీనికి రోడ్డు అక్కర్లేదని చెప్పారట. ఆ మాట ఆయనకు మంత్రం. దీన్ని వేసుకుని గుట్టలు, వాగులు దాటి ఛత్తీస్‌గఢ్ వైపు పోతానని, ఆ అవతల ఏముందో చూసొస్తానని రోజూ చెప్పేవాడు. రోజూ మా టీకొట్టు దాకా వచ్చి వెనక్కి పోయేవాడు. ఎందుకంటే అడవిలో బండి పడితే ఎత్తలేడు. ఎత్తే మనుషులున్న చోటుకే పోవాలి. క్యాంపు దగ్గర కానిస్టేబుళ్ళు రోజూ ఆ పెట్టెలు తెరిపించి వెతికేవాళ్ళు. ఒకదాంట్లో బీపీ మాత్రలు, జామకాయలు. ఇంకోదాంట్లో రెయిన్‌కోటు. వాళ్ళకూ తెలుసు, అయినా వెతకాలి కదా. ఆయనకు మాత్రం ఆ తనిఖీ ఇష్టం. అక్కడి ఇసుక బస్తా మీద కాలు బాగా ఆనుతుందని చెప్పేవాడు.

జోగమ్మ ఈ మాటలన్నీ బస్సు కిటికీలోంచి వినేది. కోయ మనిషి, నా వయసే ఉంటుంది. వాగు అవతల ఊరు. ప్రతి సంతకూ వస్తుంది. ఒకరోజు చర్ల నుంచి తిరిగొచ్చి బస్సు దిగి, ఆయన బండి ముందు నిలబడింది. చేతిలో మందుల చీటీ లేదు, ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చిన మాత్రల పొట్లం ఉంది.

"సారూ, దీనికి తోవ లేకున్నా పోతదంటివి గద."

"అవ్, పోతది."

"మా ఆయనకు జరం. నాలుగు పొద్దులాయె లేస్తలేడు. దీని మీద చర్ల దవాఖానాకు తీస్కపోతవా?"

ఆయన మొహంలో వెలుగు నేను చూశాను. ఇన్నాళ్ళకు ఎవరో ఆ బండిని నిజంగా పని అడిగారు. "పొద్దుగాల్నే వస్త. తోవ చెప్పు" అన్నాడు. కల్వర్టు దాటాక పశువుల బాట పట్టుకుని రమ్మని, వాగు దాటితే తమ ఊరేనని చెప్పింది. నేను మధ్యలో దూరి, "సార్, మీతోని ఎవరన్న ఒక మనిషిని తీస్కపోండి" అన్నాను. "మనిషిని ఎక్కించుకుంటే వాళ్ళాయన ఎక్కడ కూసుంటడు?" అన్నాడు. అదీ నిజమే.

మర్నాడు నా బస్సు అక్కడికి చేరేసరికి టీకొట్టు ముందు జనం మూగి ఉన్నారు. నేల మీద మంచం. మంచానికి అటూ ఇటూ కర్రలు కట్టి ఉన్నాయి. మంచం మీద జోగమ్మ భర్త కళ్ళు తేలేసి ఉన్నాడు. పక్కనే జోగమ్మ అతని కాళ్ళు రుద్దుతోంది. కొంచెం దూరంలో ఆ బండి. దాని ఒక పెట్టె సొట్టపోయి, సైలెన్సరు నిండా ఇసుక. ఆయన బండి మీద లేడు. ఆ బండి పక్కన ఆయన నేల మీద నిలబడి ఉండగా చూడడం అదే మొదటిసారి. నా భుజం దాకానే ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి.

"ముందట బస్సు గిప్పుడే పోయిందంట. నువ్వన్న జల్దీ పోనియ్యి బిడ్డా" అన్నాడు.

అంబులెన్సుకు ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. మంచాన్ని బస్సులోకి ఎక్కించుకున్నాం. మా డ్రైవర్ ఎక్కడా ఆపలేదు, చెయ్యెత్తినవాళ్ళు తిడుతున్నా ఆపలేదు. చర్ల ఆసుపత్రి గేటు ముందు బస్సు ఆగేసరికి జోగమ్మ రుద్దడం ఆపేసింది. జ్వరం తలకెక్కి అప్పటికే ప్రాణం పోయిందన్నారు. ఆమె ఏడవలేదు, అతని కాళ్ళ మీద చీర కొంగు కప్పింది.

వాగులో ఏం జరిగిందో ఆయన తర్వాత నాకు చెప్పాడు. ఒకసారి కాదు, కనిపించినప్పుడల్లా చెప్పాడు. వాగులో నీళ్ళు తక్కువే గాని ఇసుక మెత్తగా ఉంది. ముందు చక్రం దిగబడి బండి పక్కకు వాలింది. కాలు ఆనించబోతే అందలేదు. పడిపోయింది. ఆయనకు దెబ్బ తగల్లేదు, బండిని మాత్రం కదపలేకపోయాడు. అంతలో అవతలి గట్టు నుంచి మంచం మోసుకుంటూ వాళ్ళొచ్చారు. తెల్లారేసరికి రోగం ఎక్కువైందట, ఇక ఆగలేక మోసుకుని బయల్దేరారు. ఆయన చేతులూపి, నన్ను వదిలేసి మీరు పోండి అని అరిచాడు. వాళ్ళు పోలేదు. మంచాన్ని ఇసుక మీద దించి, అందరూ వచ్చి బండి లేపారు. లేపినా స్టార్ట్ కాలేదు. ఇసుకలోంచి గట్టు దాకా తోశారు. అప్పుడు వెనక్కి పోయి మళ్ళీ మంచం ఎత్తుకున్నారు. గట్టు మీద బండి ఎట్లాగో స్టార్టయితే మంచం వెనకే టీకొట్టు దాకా వచ్చాడట.

"బాయిల మనిషి పడితే బొగ్గు టబ్బును వదిలిపెట్టి మనిషిని తీస్తం బిడ్డా. ఏ మిషినన్న కానియ్యి, వదిలిపెడ్తం. వీళ్ళు మనిషిని కింద పెట్టి నా మిషిన్ లేపిండ్రు" అనేవాడు. అనేటప్పుడు చేతులు రెండూ చూసుకునేవాడు.

కొన్నాళ్ళకు జోగమ్మ మళ్ళీ సంతకు రావడం మొదలుపెట్టింది. ఆయనా వచ్చాడు. మా మెట్టు మీద కాలు పెట్టాడు గాని ఆమె ముందర ఎవరితోనూ మాట్లాడలేదు. జోగమ్మ చూసింది. తర్వాతి సంతకు నెత్తి మీద చింతపండు మూటతో పాటు చంకలో ఒక రాయి తెచ్చింది. వాగులో రాయి, నున్నగా, పైన బల్లపరుపుగా ఉంది. తెచ్చి ఆయన బండి పక్కన వేసి, కాలితో అటూ ఇటూ కదిపి చూసి సర్దింది.

"బస్సు పోతది సారూ. ఇది ఏడికీ పోదు. దీని మీద పెట్టు."

ఆయన మెట్టు మీంచి కాలు తీశాడు. రాయి వైపు దించాడు. తగలకముందే మళ్ళీ పైకి లాక్కున్నాడు. బండి ఊగింది, నేను గబుక్కున పెట్టె పట్టుకున్నాను. చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఒకటి రెండుసార్లు క్యాంపు దగ్గర ఇసుక బస్తాల దాకా వచ్చి అటునుంచే వెనుదిరిగాడు. ఆపైన రావడం మానేశాడు.

నా సెలవు రోజున దుమ్ముగూడెంలో దిగి వాళ్ళింటికి పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. మెట్టు ఖాళీగా ఉంటే బాగుండలేదు, అంతే. కొట్టంలో బండికి సెంటర్ స్టాండు వేసి ఉంది, ఆయన దాని మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్టు లేదు, లుంగీ, బనియను. స్టాండు మీద నిటారుగా నిలిచిన బండికి కాలు ఆనించే పనే లేదు.

"పొద్దున ఎక్కితే తిండికే దిగుతడు. ఇంజన్ చాలు చెయ్యడు. ఊకెనే కూసుంటడు" అని ఆయన భార్య నాకు మజ్జిగ ఇస్తూ అంది. ఆమె మాటలో కోపం లేదు. కోపం ఉంటే కొంచెం ధైర్యంగా ఉండేది నాకు.

ఆయన నన్ను ఒకటే అడిగాడు. "బిడ్డా, ఆ పొద్దు ముందట బస్సు ఎన్నింటికి పోయింది? మంచం కింద పెట్టకపోతే ఆ బస్సు అందేదా?"

నాకు తెలియదు. ఆ బస్సు నాది కాదు. ఆ రూట్లో బస్సు ఒకరోజు ముందే వెళ్తుంది, ఒకరోజు ఆలస్యమవుతుంది. ఆ కండక్టర్‌ని అప్పటికే అడిగాను కూడా. "గన్ని ట్రిప్పులల్ల ఏ పొద్దు ఎన్నింటికి పోయిన్నో ఎట్ల గుర్తుంటదక్కా" అన్నాడు. అదే ఆయనకు చెప్పాను. తల ఊపి, మళ్ళీ కాసేపటికి అదే అడిగాడు.

"జోగమ్మ నన్ను ఒక్క మాట తిడితే బాగుండు" అన్నాడు.

"ఆమె మనసుల ఏం లేదు సార్."

"అదే గద బిడ్డా."

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. తర్వాతి సంతకు బస్సులో జోగమ్మ పక్కన కూర్చుని, ఆ రోజు మంచం ఎందుకు దించారని అడిగేశాను. నా వైపు వింతగా చూసింది. "మేం పిలిస్తే వచ్చినోడు అక్కా. ఇసుకల పడేసి ఎట్ల పోతం?" అంది. ఇందులో అడగడానికేముంది అన్నట్టు అంది. ఈ మాట వింటే ఆయన మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆ తర్వాతి సెలవుకు పోయి చెప్పాను.

ఆయన లుంగీ అంచుతో హ్యాండిల్ తుడిచాడు. "అంటే నేను పోకపోతే వాళ్ళు ఆగకపోదురు" అన్నాడు. వస్తానని లేచాను. కొట్టం రేకుకు నా తల తగిలి చప్పుడైంది. ఎప్పుడూ కప్పు చప్పుడు వినే మనిషి, తలెత్తి కూడా చూడలేదు. మళ్ళీ పోవాలంటే నాకు కాళ్ళు రాలేదు. ఏం చెప్పడానికి పోవాలి?

ఆయన పోయిన సంగతి కూడా ఇదిగో, మొన్న ఈ కుర్రాడు చెబితేనే తెలిసింది.

కుర్రాడితో మాట్లాడి బస్సు వైపు తిరిగేసరికి అడవి బాట మీంచి జోగమ్మ వస్తోంది. దూరం నుంచే బండిని చూసినట్టుంది, నెత్తి మీది మూట దించి చెట్టు మొదట్లో పెట్టి గబగబా వచ్చింది. టీకొట్టు గుంజ పక్కన పడి ఉన్న ఆ రాయిని రెండు చేతులా ఎత్తుకుంది. వంగి, తలెత్తకుండా, బండి ఎడమ పక్కన పెట్టి, కాలితో కదిపి చూసి సర్దింది. అప్పుడు నేలకు ఆని ఉన్న బూటు కనిపించింది. తలెత్తి కుర్రాడి మొహం చూసింది.

కుర్రాడికి ఏం అర్థంకాలేదు. "ఏందమ్మా?" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "అక్కా, సారు ఏడి?"

"చనిపోయిండంట జోగమ్మా."

అక్కడే రాయి పక్కన కూలబడింది. కుర్రాడు ఇబ్బందిగా మా ఇద్దరినీ చూసి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఆసుపత్రి గేటు ముందు ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.

"నేను ఆ పొద్దు పిలువకపోయేదుండె అక్కా. మంచిగ చాయ్ తాక్కుంట, నవ్వుకుంట తిరిగేటోడు. నేను పిలిచి వాగుల పడేసిన. ఆ బండి తిరుగుడు నేనే బందు పెట్టిచ్చిన. కోపం చేసిండు నా మీద. అందుకే గద రాయి మీద కాలు కూడ పెట్టకపోయె."

ఆమె తిడుతుందని ఆయన, ఆయన క్షమిస్తాడని ఆమె, ఇన్నాళ్ళూ ఎదురుచూశారు. వాళ్ళిద్దరి మధ్యా రోజూ తిరిగింది నా బస్సే. నేను మోసుకుపోయిన ఒక్క మాటా ఆయన్ని ఇంకా కుంగదీసింది. మోసుకుపోవాల్సిన మాట ఇప్పుడు దొరికింది, చేర్చడానికి అవతల మనిషి లేడు. "కోపం లేదు జోగమ్మా, ఆయనకు నీ మీద కోపం లేదు" అన్నాను. ఆమె తల ఊపింది గాని నమ్మలేదు. ఆయనకు చెప్పినప్పుడు ఆయనా నమ్మలేదు.

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమెను లేవదీసి, మూట అందుకుని బస్సెక్కించాను. అలవాటు కొద్దీ కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు చూపించబోయింది. వద్దులే అని టికెట్ కొట్టి చేతిలో పెట్టాను. విజిల్ నోట్లో పెట్టుకుని డోరు దగ్గరకు వచ్చి, వంగి కింది మెట్టు చూశాను. మెట్టు ఖాళీగానే ఉంది. విజిల్ వేశాను.